హత్య కాని నరహత్యను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న (ఒక దినపత్రికలో ఉపసంపాదకురాలు)

సభ్యులందరికీ నమస్కారం. నేను జిల్లా వార్తలు దిద్దే పనిలో ఉన్నాను. రాత్రి పదకొండు దాటాక, పేజీ వదలవలసిన వేళకు, నా చేతికి వచ్చి ఆగిపోయే మాట ఒకటుంది. భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్ కింద కేసు నమోదైందని విలేకరులు వార్త పంపుతారు. ఆ నేరం పేరును ఒకరు ‘హత్యతో సమానం కాని నేరపూరిత నరహత్య’ అని, ఇంకొకరు ‘హత్య కిందికి రాని శిక్షార్హమైన నరహత్య’ అని, ఓపిక లేనివారు ఏకంగా ‘హత్యానేరం’ అని రాస్తారు. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లోని ఒక థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ మరణించినప్పుడు పెట్టిన కేసులోనూ ఈ సెక్షనే ఉండడంతో, ఆ రోజుల్లో ఈ మాటను ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు.

ఆ మధ్య ఒక పెద్దాయన ఆఫీసుకు ఫోన్ చేసి, “హత్య కాదంటారు, మళ్ళీ నరహత్య అంటారు. మనిషిని చంపితే హత్య, చంపకపోతే కాదు. మధ్యలో ఈ తిరకాసు ఏమిటమ్మా?” అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. విదేశీ వార్తల సంగతి ఇంకా ఘోరం. కారు నడిపేవాడి అజాగ్రత్త వల్ల ఒక వృద్ధుడు మరణించిన వార్తలో ‘మ్యాన్‌స్లాటర్’ అన్న మాట మా డెస్కులో ఒకసారి ‘నరమేధం’ అయి కూర్చుంది. భాష తెలిసినవారు, చట్టం తెలిసినవారు ఇద్దరూ ఈ బృందంలో ఉన్నారు కనుక అడుగుతున్నాను. ఈ నేరానికి సరైన తెలుగు మాట ఏది? అసలు ఆ నేరం ఏమిటి?

సమాధానం (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, విజయనగరం)

అమ్మా, చట్టం సంగతి వకీలుగారికి వదిలి, మాట వరకు నాకు తెలిసినది చెబుతాను.

‘హత్య’ అన్న మాట సంస్కృతంలో ఒంటరిగా నిలబడేది కాదు. ‘హనస్త చ’ అని పాణిని సూత్రం. హన్ ధాతువుకు ముందు మరొక పదం ఉన్నప్పుడే ‘హత్యా’ అన్న రూపం సిద్ధిస్తుంది. బ్రహ్మహత్య, గోహత్య, భ్రూణహత్య అన్నవన్నీ అలా పుట్టినవే. అంటే చచ్చినది ఎవరో ముందు చెప్పి, ఆ తరువాతే హత్య అనాలి. అక్కడ ఆ మాటకు ‘చంపడం’ అన్నంతే అర్థం. కావాలని చంపాడా, పొరపాటున చంపాడా అన్నది ఆ పదంలో లేదు. అందుకే మనుస్మృతి పదకొండో అధ్యాయంలో బ్రాహ్మణుణ్ణి చంపినవాడికి ప్రాయశ్చిత్తాలన్నీ చెప్పిన తరువాత, ఇదంతా ‘అకామతః’ చంపినవాడికే గాని ‘కామతః’ చంపినవాడికి నిష్కృతి లేదని వేరే చెప్పవలసి వచ్చింది. మాటలోనే ఉద్దేశం ఉంటే ఆ శ్లోకం అవసరమే ఉండేది కాదు.

తెలుగులోకి వచ్చాక ‘హత్య’ ముందు పదాన్ని వదిలించుకుని ఒంటరిగా నిలబడింది. అలా నిలబడినప్పుడు దానికి కొత్త బరువు వచ్చింది. ఈ చిన్న పరీక్ష చేసి చూడండి. ‘లారీ గుద్ది చంపింది’ అంటాము. ‘పాము కరిచి చంపింది’ అంటాము. ‘ఉక్కపోత చంపేస్తోంది’ అని కూడా అంటాము. ‘లారీ హత్య చేసింది’ అని మాత్రం ఏ తెలుగువాడూ అనడు. లారీకి ఉద్దేశం ఉండదు. కాబట్టి ఈనాటి తెలుగులో ‘హత్య’ అనగానే ఉద్దేశం దానితో పాటే వస్తుంది. ‘చంపు’ అన్న క్రియకు ఆ నిర్బంధం లేదు. తెగు, తెంపు, దిగు, దింపు, నిండు, నింపు అన్నట్టే చచ్చు, చంపు. చావు కలిగించడం అని మాత్రమే దాని అర్థం.

ఇక ‘ఖూనీ’ మనకు పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఖూన్ అంటే నెత్తురు. ఉర్దూలో ఖూనీ అంటే చంపినవాడు. మనం ఆ మాటను నేరానికి పెట్టుకుని, చంపినవాణ్ణి ‘ఖూనీకోరు’ అన్నాము. ఈ బృందంలో రోజూ ఎవరో ఒకరు ‘భాషను ఖూనీ చేస్తున్నారు’ అని వాపోతుంటారు గనుక ఆ మాటకు ఉదాహరణలు అక్కరలేదు.

సమాధానం (న్యాయవాది, నరసరావుపేట)

మాస్టారు చెప్పిన లారీ పరీక్ష మా చట్టాన్ని సగం వివరించేసింది. మిగతా సగం నేను చెబుతాను.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో 299, 300, 302, 304 సెక్షన్లుగా ఉన్నవి 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో వరుసగా 100, 101, 103, 105 అయ్యాయి. అంకెలు మారాయి గాని నిర్వచనాలు దాదాపు పాతవే. 100వ సెక్షన్ పెద్ద గొడుగు వంటిది. చంపాలన్న ఉద్దేశంతోగాని, చావుకు దారితీయగల గాయం చేయాలన్న ఉద్దేశంతోగాని, తన పని వల్ల చావు సంభవించే అవకాశం ఉన్నదని తెలిసిగాని ఒకరి మరణానికి కారణమైతే ఆ గొడుగు కిందికి వస్తాడు. ఆ గొడుగు కింద మరింత తీవ్రమైన కొన్ని సందర్భాలను ఏరి 101వ సెక్షన్ ‘హత్య’ అంటుంది. ఏరగా మిగిలినదే మీ విలేకరిని ఇబ్బంది పెడుతున్న నేరం. కాబట్టి ఫోన్ చేసిన పెద్దాయనకు జవాబు ఇది: ప్రతి హత్యా ఆ పెద్ద నేరంలో భాగమే గాని ఆ పెద్ద నేరమంతా హత్య కాదు. ‘హత్యతో సమానం కాని’ అనడం నాకు నచ్చదు. సమానం, అసమానం అన్న తూకం చట్టంలో లేదు; హత్య అన్న గడిలో పడిందా లేదా అన్నదే ప్రశ్న.

ఈ మాట సుప్రీంకోర్టు అత్యంత స్పష్టంగా చెప్పినది మా ప్రాంతపు కేసులోనే. 1976లో తీర్పు వచ్చిన ఆ కేసును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ రాయవరపు పున్నయ్య అంటారు. దేశంలో న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థి ఆ పేరు బట్టీపడతాడు గాని అది రొంపిచర్ల గ్రామ కక్షల నుంచి పుట్టిందని చాలామందికి తెలియదు. 1968లో ఒక వర్గానికి చెందిన మనిషి ఊరి నుంచి బస్సెక్కాడు. ప్రత్యర్థులూ అదే బస్సెక్కారు. నెకరికల్లు దగ్గర బస్సు ఆగి, ఆయన దిగాక, బరువైన కర్రలతో మీద పడ్డారు. కొట్టవద్దని ఆయన చేతులు జోడించి వేడుకున్నా వినక, స్పృహ తప్పేదాకా కాళ్ళ మీదా చేతుల మీదా కొట్టారు. మరునాడు ఆయన ప్రాణం పోయింది.

ఇక్కడే భాష వచ్చి అడ్డం నిలబడుతుంది. తల మీద దెబ్బ లేదు, గుండె మీద దెబ్బ లేదు. ఏరి ఏరి కాళ్ళూ చేతులే విరగ్గొట్టారు గనుక వారికి చంపే ఉద్దేశం లేదని, చావవచ్చునన్న తెలివిడి మాత్రమే ఉన్నదని హైకోర్టు భావించి, హత్యా నేరాన్ని పాత 304 రెండో భాగానికి తగ్గించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చంపాలనుకున్నారా అన్నది కాదు, ఆ గాయాలు చేయాలనుకున్నారా అన్నది చూడాలి. అనుకుని చేసిన ఆ గాయాలు సహజ క్రమంలో ప్రాణం తీయడానికి సరిపడినవైతే అది హత్యే అని చెప్పి, హత్యా నేరాన్ని తిరిగి నిలబెట్టింది. 1958లో విర్సా సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ వేసిన బాట అది.

ఇప్పుడు ఇదే సంగతిని తెలుగు వ్యాకరణంలో చూడండి, మాస్టారూ. మీకు నచ్చుతుంది. ‘చంపాలని కొట్టాడు’ అంటే ఉద్దేశం చంపడమే. ‘చచ్చేంతగా కొట్టాడు’ అంటే ఉద్దేశం ఆ దెబ్బల మీద, కొలత చావు మీద. ‘చస్తాడని తెలిసీ కొట్టాడు’ అంటే తెలివిడి. ‘కొడితే చచ్చాడు’ అంటే ఉద్దేశమూ లేదు, తెలివిడీ లేదు. ఫలితం ఒక్కటే ఉంది. ‘-ఆలని’, ‘-ఏంతగా’, ‘తెలిసీ’, ‘-ఇతే’ అన్న ఈ నాలుగు ముక్కల మధ్యనే యావజ్జీవ శిక్షకూ కొద్ది నెలల జైలుకూ మధ్య ఉన్న దూరమంతా పరచుకుని ఉంది. సాక్షి బోనులో నిలబడి ‘చచ్చేట్టు కొట్టారండీ’ అంటాడు. పల్నాటిలో ఆ మాట బాగా కొట్టారు అన్నదానికి అలవాటుగా అనేది; చెంపదెబ్బకు కూడా అంటారు. దాన్ని ఆంగ్లంలోకి మార్చి టైపు చేయించేటప్పుడు ‘చనిపోయే విధంగా’ అని పడిందా, ‘తీవ్రంగా’ అని పడిందా అన్నది నేను చెవులు రిక్కించి వింటాను. ముద్దాయి తరఫున ఉన్నప్పుడు ఆ ఒక్క మాట దగ్గరే లేచి నిలబడిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. అలాగే పోలీసులు రాసుకునే వాంగ్మూలాలలో కొట్టిన ప్రతివాడూ ‘వీణ్ణి చంపండిరా’ అని అరిచే కొడతాడు. నిజంగా అరిచినవారూ ఉంటారు. కాని ఆ కేక ఎందుకంత అవసరమో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఉపసంపాదకురాలి మరొక ప్రశ్న

వకీలుగారూ, శిక్షల సంగతి కూడా చెప్పండి. ‘పదేళ్ళ వరకు శిక్ష పడే అవకాశం’ అని మేము ప్రతిసారీ రాసేస్తున్నాము. అది సరైనదేనా? ఇంకొకటి, రోడ్డు ప్రమాదాలకు కూడా ఇదే సెక్షనా?

సమాధానం (న్యాయవాది, నరసరావుపేట)

పదేళ్ళ వరకు అన్నది సగం నిజం. 105వ సెక్షన్‌లో రెండు అంతస్తులున్నాయి. చంపాలన్న ఉద్దేశంగాని, చావుకు దారితీయగల గాయం చేయాలన్న ఉద్దేశంగాని ఉండి కూడా ఏదో మినహాయింపు వల్ల హత్య నుంచి బయటపడిన వాడికి యావజ్జీవమైనా పడవచ్చు, లేదా 5 ఏళ్ళకు తగ్గకుండా 10 ఏళ్ళ వరకు జైలూ జరిమానా పడవచ్చు. ఆ 5 ఏళ్ళ కనీస శిక్ష పాత శిక్షాస్మృతిలో లేదు, 2023 చట్టంతో వచ్చింది. ఉద్దేశం లేక తెలివిడి మాత్రమే ఉన్నవాడికి 10 ఏళ్ళ వరకు జైలు, జరిమానా. కనీస శిక్ష లేదు. మా బార్‌లో దీన్నే ఇప్పటికీ ‘త్రీ నాట్ ఫోర్ పార్ట్ వన్, పార్ట్ టూ’ అంటాము. కొత్త అంకెలు ఇంకా నోటికి రాలేదు. హత్యకైతే 103 కింద మరణశిక్షగాని యావజ్జీవంగాని తప్ప మూడో దారి లేదు.

రోడ్డు ప్రమాదాల వంటివి మామూలుగా 106వ సెక్షన్ కిందికి వస్తాయి. పాత 304ఎ అది. 1860 చట్టంలో మొదట లేదు, 1870లో చేర్చారు. తొందరపాటు వల్లనో నిర్లక్ష్యం వల్లనో మరణానికి కారణమైతే ఇదివరకు 2 ఏళ్ళ వరకు ఉన్న జైలు ఇప్పుడు 5 ఏళ్ళ వరకు పెరిగింది. వైద్యం చేస్తూ రిజిస్టర్డ్ డాక్టరు చేసిన నిర్లక్ష్యమైతే 2 ఏళ్ళ వరకే. గుద్ది, పోలీసులకుగాని మేజిస్ట్రేటుకుగాని చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు 10 ఏళ్ళ వరకు అన్న 106(2) మీద 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు. జులైలో చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను వదిలిపెట్టారు. అయితే పూటుగా తాగి కాలిబాట మీద నిద్రపోతున్నవారి మీదికి కారు ఎక్కించినవాణ్ణి నిర్లక్ష్యం అని వదలరు. అలా నడిపితే మనుషులు చస్తారని వాడికి తెలియకుండా ఎలా ఉంటుందని అడుగుతారు. ముంబయిలో కాలిబాట మీద పడుకున్న కూలీలు చనిపోయిన కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ పార్ట్ టూ శిక్షనే ఖాయం చేసింది.

ఇక్కడ మరొక తమాషా గమనించండి. 106 చెప్పేది ‘నరహత్య కాని’ మరణాలను గురించి. అంటే మీ విలేకరుల భాషలో ఒకటి హత్య కాని నరహత్య, మరొకటి నరహత్య కాని మరణం. రెండు ‘కాని’లు దాటితే తప్ప పాఠకుడు రోడ్డు ప్రమాదం దాకా చేరుకోలేడు.

ఈ మెట్లు ఎలా దిగాలో చెప్పడానికి చట్టంలోనే చిన్న కథలు పెట్టారు. నిర్వచనం కన్నా అవే నాకు ఇష్టం. ఒకడు కోడిని దొంగిలించాలని తుపాకి పేల్చాడు. పొద వెనుక మనిషి ఉన్నాడని వాడికి తెలియదు. ఆ మనిషి చచ్చాడు. చేస్తున్నది దొంగతనమే అయినా, అతను 100వ సెక్షన్ నేరస్థుడు కాడని చట్టం చెబుతుంది. ఇంకో కథలో పొద వెనుక మనిషి ఉన్నాడని తెలిసినవాడు, తెలియనివాడి చేత తుపాకి పేల్పిస్తాడు. పేల్చినవాడు నిరపరాధి కావచ్చు, పేల్పించినవాడే దోషి.

ఈ పొద కథ చదివినప్పుడల్లా నాకు సరయూ తీరంలో దశరథుడు గుర్తొస్తాడు. చీకట్లో కుండ మునిగే చప్పుడు విని, ఏనుగు నీళ్ళు తాగుతున్నదనుకుని, శబ్దవేధి వేశాడు. మునికుమారుడు చచ్చాడు. (వాల్మీకిలో ఆ కుర్రవాడికి పేరు లేదు, శ్రవణకుమారుడన్నది మన వాడుక.) దశరథుణ్ణి మా సెషన్స్ కోర్టులో నిలబెడితే 103 నిలవదు, 105 కూడా నిలవదు. కోడికి బదులు ఏనుగు, పొదకు బదులు చీకటి, అంతే తేడా. కాని మనుషులు నీళ్ళకు వచ్చే రేవులో, కంటితో చూడకుండా, చప్పుడును బట్టి బాణం వేయడం తొందరపాటు కాదా అని పీపీగారు (ప్రభుత్వం తరఫు వకీలు) 106 కింద గట్టిగానే వాదించవచ్చు. అంధుడైన ఆ తండ్రి కూడా ఇదే తూకం వేశాడు. తెలియక చేశావు గనుక బ్రహ్మహత్య వెంటనే నిన్ను పట్టదన్నాడు. అయినా శపించడం మానలేదు.

మినహాయింపుల సంగతి ఒక్కమాటలో చెప్పి ఊరుకునేవాణ్ణి గాని, అది నేరుగా పత్రికల భాషకు సంబంధించినది. ఉద్దేశం ఉన్నా హత్య కాకుండా చేసే మినహాయింపులు ఐదు: తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టడం, ఆత్మరక్షణలో హద్దు దాటడం, ప్రభుత్వోద్యోగి సదుద్దేశంతోనే అధికారపు హద్దు దాటడం, ముందస్తు ఆలోచన లేని ఆకస్మిక కొట్లాట, 18 ఏళ్ళు దాటినవాడు తన చావుకు తానే సమ్మతించడం. ఇప్పుడు మీ నేరవార్తల్లో నలిగిన మాటలు తీసుకోండి. ‘క్షణికావేశంలో’ అంటే అది మొదటి మినహాయింపు. ‘మాటామాటా పెరిగి’ అంటే నాలుగోది. ‘చేతికందిన రోకలిబండతో’ అనగానే ఆయుధం వెంట తెచ్చుకోలేదని అర్థం. అదే ‘వేటకొడవలితో’, ‘కాపు కాసి’, ‘పాతకక్షలు మనసులో పెట్టుకుని’ అంటే 103 వచ్చి కూర్చుంటుంది. 2006లో పులిచెర్ల నాగరాజు కేసులో, అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళినదే, సుప్రీంకోర్టు ఉద్దేశాన్ని పసిగట్టడానికి చూడవలసినవన్నీ ఒక వరుసలో చెప్పింది. ఆయుధం ఏది, వెంట తెచ్చినదా అక్కడ దొరికినదా, దెబ్బ ఎక్కడ పడింది, ఎంత బలంగా పడింది, ఒకటా పలుమార్లా, ముందు నుంచి పగ ఉందా, జగడం అప్పటికప్పుడు పుట్టిందా. మీ విలేకరి ఈ ప్రశ్నలన్నింటికీ తెలియకుండానే మొదటి పేరాలో తీర్పు రాసేస్తున్నాడు. విచారణ మొదలు కాకముందే ‘క్షణికావేశంలో భార్యను చంపిన భర్త’ అని శీర్షిక పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆవేశం క్షణికమో కాదో తేల్చడానికే కదా కోర్టు కూర్చునేది.

అసలు ఆ క్షణం ఎంతసేపు? నానావతి కేసు అందరికీ తెలిసినదే. 1959 ఏప్రిల్ 27న భార్య తనకు మరొకరితో సంబంధం ఉన్న విషయం చెప్పిన తరువాత ఆ నౌకాదళ అధికారి ఆమెనూ పిల్లలనూ సినిమాహాలు దగ్గర దింపి, ఓడకు వెళ్ళి రివాల్వరు తీసుకుని, అప్పుడు ఆ ప్రియుడి ఇంటికి వెళ్ళాడు. ఇల్లు వదిలినది ఒంటిగంటన్నరకు, కాల్చినది నాలుగూ ఇరవైకి. దాదాపు మూడు గంటలలో ఆవేశం చల్లారి ఆలోచన వచ్చి ఉండాలని చెప్పి 1961లో సుప్రీంకోర్టు హత్యగానే ఖాయపరచింది. తెలుగులో క్షణం మరీ అంత పొడవు కాదు గదా.

దీనికి మరో కొసన 1876 నాటి గోవిందా కేసు. పద్దెనిమిదేళ్ళ భర్త పదిహేనేళ్ళ భార్యను తన్ని, కింద పడ్డాక రొమ్ము మీద మోకాలు పెట్టి, ముఖం మీద రెండుమూడు పిడిగుద్దులు గుద్దాడు. మెదడులో నెత్తురు చేరి ఆమె చనిపోయింది. బొంబాయి హైకోర్టులో జస్టిస్ మెల్విల్ రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టి మాటమాటా పోల్చి, ఇది హత్య కాదన్నారు. ఏడేళ్ళ ద్వీపాంతరవాసం విధించారు. నూటయాభై ఏళ్ళుగా ఆ పోలిక పట్టికనే మేము చదువుతున్నాము. ఆ పిల్ల పేరు మాత్రం ఏ వకీలు నోటా రాదు.

సమాధానం (డాలస్‌లో ఉంటున్న సభ్యురాలు)

విదేశీ వార్తల గురించి చిన్న మాట. ఇక్కడి తెలుగువారు ఫోన్లలో ‘మర్డర్ కేసు’ అని పంపుకునే వార్తలు చాలావరకు అది కావు. టెక్సస్‌లో మ్యాన్‌స్లాటర్ అంటే ప్రమాదం ఉన్నదని తెలిసీ లెక్కచేయక ఒకరి చావుకు కారణం కావడం. 2 నుంచి 20 ఏళ్ళ వరకు జైలు. తాగి నడిపి చంపితే దానికి వేరే పేరుంది, శిక్ష పరిధి మామూలుగా అదే. అంతకన్నా తక్కువ నిర్లక్ష్యానికి మరో చిన్న నేరం ఉంది. ఇంగ్లండ్‌లో మ్యాన్‌స్లాటర్ అన్న ఒకే పేరు కింద నిగ్రహం కోల్పోయి చంపినవాడూ, రోగి మరణానికి కారణమైనంత ఘోరంగా నిర్లక్ష్యం చూపిన డాక్టరూ ఇద్దరూ వస్తారు. గరిష్ఠ శిక్ష యావజ్జీవం. మైకేల్ జాక్సన్ వైద్యుడికి 2011లో లాస్ ఏంజిలస్‌లో పడిన 4 ఏళ్ళ శిక్ష ఉద్దేశం లేని మ్యాన్‌స్లాటర్‌కే. కాబట్టి దేశం మారితే గీత మారుతుంది. మన 105ను ఆ మాటకు, ఆ మాటను మన 105కు అచ్చంగా అతికించవద్దని నా మనవి. నా మట్టుకు నేను ఆ మాటను తెలుగు లిపిలో అలాగే ఉంచి, పక్కన ఒక వాక్యంలో జరిగినది చెబుతాను. నరమేధం అనడం కన్నా అది నయం.

ఉపసంపాదకురాలి విన్నపం

అందరికీ కృతజ్ఞతలు. మరి 105కు మాట?

సమాధానం (న్యాయవాది, నరసరావుపేట)

నా అభిప్రాయం చెబుతాను, మాస్టారు దిద్దాలి. ‘నరహత్య’ను వదిలేయాలి. చట్టం ప్రకారం అది హత్య కన్నా విశాలమైన మాట, తరచూ తేలికైన నేరం. తెలుగు చెవికి మాత్రం హత్య కన్నా బరువుగా వినిపిస్తుంది. నరబలి, నరమేధం, నరభక్షణ అన్న వరుసలో ఉన్న ఆ ‘నర’ చేరగానే పాఠకుడికి ఏదో అతిఘోరం జరిగినట్టు తోస్తుంది. హిందీవారు ‘ఆపరాధిక్ మానవ్ వధ్’ అన్నారు, మరాఠీవారు ‘సదోష మనుష్యవధ’ అన్నారు. ఆ ‘వధ’ మనకు పనికిరాదు. మనకు నరకాసురవధ, కీచకవధ ఉన్నాయి. చచ్చినవాడు చావవలసినవాడే అన్న వాసన ఆ మాటకు పోదు. పోనీ అటు వెళ్తే వధశాల ఉంది.

మాస్టారి లారీ పరీక్షను బట్టి చూస్తే మనకు కావలసిన మాట మన ఇంట్లోనే ఉంది. ‘చంపడం’. ఉద్దేశం ఉన్నా లేకున్నా చెల్లుతుంది. 100వ సెక్షన్‌ను ‘చంపిన నేరం’ అని, 101ని ‘హత్య’ అని, 105ను ‘హత్య కిందికి రాని చంపిన నేరం’ అని, 106ను ‘నిర్లక్ష్యం వల్ల మరణం’ అని రాస్తే ఆ పెద్దాయన మళ్ళీ ఫోన్ చేయడు.

సమాధానం (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, విజయనగరం)

అర్థం కుదిరింది గాని సమాసం కుదరలేదు, వకీలుగారూ. ‘కిందికి రాని చంపిన’ అని రెండు విశేషణాలు ఒకదాని మీద ఒకటి పడి, రానిది ఎవరు, చంపినది ఎవరు అన్న సందేహం వస్తోంది. ‘ప్రాణహరణం’ అందామా అనుకున్నాను. హరణం అనగానే ఎత్తుకుపోయిన చెయ్యి ఒకటి కనబడుతుంది, ఉద్దేశం దొంగచాటుగా తిరిగి వస్తుంది. ‘మరణకారక నేరం’ అంటే ఆ చిక్కు లేదు, సమాసమూ సాఫీగా ఉంది. ‘హత్య కాని మరణకారక నేరం’. రోగాల పుస్తకంలో మాటలా ఉందంటారేమో, ఉంటే ఉండనివ్వండి.

ఉపసంపాదకురాలు

నిన్న రాత్రి మాకు అలాంటి వార్తే వచ్చింది. పొలం గట్టు దగ్గర ఇద్దరు తోడల్లుళ్ళ తగాదా, ఒక్క దెబ్బ, ఆసుపత్రిలో మరణం, 105 సెక్షన్. ‘క్షణికావేశంలో’ తీసేశాను. ‘మాటామాటా పెరిగి’ అన్నదాన్ని ‘మాటామాటా పెరిగిందని పోలీసులు తెలిపారు’ అని మార్చాను. చివర ‘హత్య కాని మరణకారక నేరం కింద కేసు నమోదు చేశారు’ అని రాసి పంపాను. వార్తలో అది అలాగే అచ్చయింది. శీర్షికలో అన్ని అక్షరాలు పట్టవని చెప్పి మా డెస్కు పెద్దాయన దాన్ని ‘తోడల్లుడి హత్య’ చేశారు.